వెయ్యేండ్ల గురించి నేను చదవని సగం పేజీ

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా సంఘం పాస్టరు, ముప్పై ఏండ్లు కూడా నిండని మనిషి, కాగితాల కట్ట ఒకటి తెచ్చి నా టేబులు మీద పెట్టాడు. సంఘం చరిత్రను చిన్న పుస్తకంగా వేస్తున్నారు. ఆదోనిలో చాలా కాలంగా ప్రెస్సు నడుపుతున్నవాణ్ని, సంఘంలో పాతవాళ్లలో మిగిలినవాణ్ని కాబట్టి ప్రూఫులు నన్నే చూడమన్నాడు. పెళ్లి పత్రికలో ఇంటిపేరు తప్పు పడితే ఎన్ని తిట్లు తినాలో తెలిసిన చేయి. ఎర్ర పెన్ను పట్టుకుని వరసగా దిద్దుకుంటూ పోయాను. పదకొండో పేజీలో ఒక వాక్యం దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎమ్మిగనూరుకు చెందిన ఆశీర్వాదం అనే నేతగాడు క్రీస్తు రెండవ రాకడను, వెయ్యేండ్ల పరిపాలనను కాదని దుర్బోధ చేసినందున పెద్దలు ఆయనను సంఘం నుండి తొలగించిరి అని ఉంది. అక్షరదోషం ఒక్కటీ లేదు. ఉన్నదంతా అబద్ధం.

"దీనికి ఆధారం ఏముంది నాయనా?" అని అడిగాను.

"మీ నోటుబుక్కే గదా అంకుల్. సంఘం బీరువాలో ఉండాది. ఎంత బాగుండాదో మీ రాత!" అన్నాడు.

ఆ రాత సంగతే ఇక్కడ చెప్పాలి. ఆశీర్వాదం అయ్యగారు రాకడను ఏనాడూ కాదనలేదు. ఆయన కాదన్నాడని సంఘం ఇన్నేండ్లు నమ్మడానికి కారణం నేను. పాస్టరు తన పుస్తకంలో దిద్దుబాటుకు నాలుగు వరసల చోటు ఇస్తానన్నాడు. ఆ నాలుగు వరసలూ రాసి ఇచ్చాను. అందులో పట్టనిది ఇక్కడ రాస్తున్నాను.

అప్పట్లో మా ఇల్లు జిన్నింగు మిల్లు వెనక సందులో ఉండేది. నాయన నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ, నేను, ఒక మేక. అమ్మ మిల్లులో పత్తి ఏరే పనికి పోయేది. పత్తి రోజుల్లో సందంతా దూది నుసి ఎగిరేది. తీగల మీద, వాకిట్లో ఆరేసిన మిరపకాయల మీద, తాగే నీళ్ల మీద కూడా సన్నగా పరుచుకునేది. సాయంత్రం అమ్మ ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మలూ చెవుల పక్క వెంట్రుకలూ తెల్లగా ఉండేవి. మా అమ్మ రోజూ మిల్లుకు పోయి ముసలిదై వచ్చి, తొట్టి దగ్గర ముఖం కడుక్కుని మళ్లీ వయసులోకి వస్తుందని నేను చాలా చిన్నప్పుడు అనుకునేవాణ్ని. ఆ తర్వాత పొయ్యి దగ్గర జొన్నరొట్టె తట్టే చప్పుడు మొదలయ్యేది. గాలి అటునుంచి తిరిగితే నూనె మిల్లులో వేగే శెనక్కాయల వాసన వచ్చేది. ఆ వాసనతోనే సగం కడుపు నిండేది. ఇప్పుడు జిన్నింగు మిల్లు లేదు. ఆ చోట ఫంక్షన్ హాలు కట్టారు. దానికి పత్రికలు నేనే అచ్చు వేస్తుంటాను.

అమ్మ ఏ పనినీ సగంలో వదిలేది కాదు. ప్రభువు ఏ గడియలో వస్తాడో, విశ్వాసులు ఏ గడియలో ఎత్తబడతారో ఎవరికీ తెలియదు కాబట్టి ఇల్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. కుండ నిండా నీళ్లు ఉండాలి, బట్టలు మడత పెట్టి ఉండాలి, అంట్లు కడిగి బోర్లించి ఉండాలి. "మనం పైకి పోయినంక ఇల్లు ఎట్లుంటే ఏమిమా?" అని ఒకసారి అడిగాను.

"ఎనకాల ఊళ్లోవాళ్లు వచ్చి సూస్తారు గదరా. ఈ కిరస్తానోళ్లు ఇంత గలీజుగా ఉంటాండిరా అనుకోరా?" అంది.

పక్కింట్లో కాశింబీ ఉండేది. మొగుడు బజారులో తాళాలు బాగుచేసేవాడు. అమ్మకు ఆమె అంటే ప్రాణం. ఒకరోజు ఇద్దరూ వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుకుంటుంటే అమ్మ చాలా ముఖ్యమైన సంగతి అప్పజెప్పినట్టు చెప్పింది. "ఒగేల ఏదో ఒగ దినం పొద్దున్నే మేము కనపడకపోతే మేకను ఇప్పుకొని పో అక్కా. పాలు పిండకపోతే పొదుగు గట్టిపడతాది."

"కనపడకపోతే అంటే యాడికి పోతారే? సెప్పి పోండి," అంది కాశింబీ.

"సెప్పేంత టైం ఉండదక్కా. రెప్పపాటులో అయిపోతాది."

"మీ యేసే గదా మా ఈసా నబీ, ఆయన వస్తాడని మావోళ్లూ అంటారు లేవే. ఆయన వచ్చినంక నేను మాత్రం ఈడ కూసోని నీ మేకను పిండుకుంటా ఉంటానా?"

అమ్మ కాసేపు ఆలోచించి, "అట్లయితే కట్టుతాడు ఇడిసిపెట్టు. దాని పాటికి అది మేస్తాది," అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. కానీ ఆ నాటి నుంచి అమ్మ మేకను గట్టి ముడి వేసి కట్టలేదు. లాగితే ఊడిపోయేట్టు జారుముడి వేసేది. అది నెలకు రెండుసార్లు తప్పించుకుని పోయేది. నేను సందులన్నీ వెతుక్కుంటూ తిరిగేవాణ్ని.

ఈ నమ్మకాలన్నీ మాకు నేర్పింది ఆశీర్వాదం అయ్యగారు. ఆయన జీతం తీసుకునే పాస్టరు కాదు. ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ఆదివారం మొదటి బస్సుకు ఆదోని వచ్చి, వాక్యం చెప్పి, ఎవరో ఒకరి ఇంట్లో తిని, సాయంత్రం బస్సుకు తిరిగి పోయేవాడు. ఆయన ఎక్కువగా చెప్పేది బైబిలులో చివరిదైన ప్రకటన గ్రంథం. తన మగ్గం మీదే నేసిన పొడుగాటి గుడ్డ మీద, నూలుకు వేసే రంగులతో కాలాలన్నీ బొమ్మలుగా గీసిన పటం ఒకటి ఆయన చంకలో ఎప్పుడూ ఉండేది. గోడకు రెండు మేకులు కొట్టి దాన్ని పరిచేవాళ్లం. ఎడమ చివర ఏదెను తోట, నడుమ సిలువ, దాని తర్వాత మనం ఉన్న కాలం, ఆ పక్కన శ్రమల కాలానికి నల్ల మచ్చ, అన్నిటికంటే పెద్దగా పసుపు రంగులో ఒక చక్రం. అదే వెయ్యేండ్ల పరిపాలన. సాతాను సంకెళ్లలో ఉంటాడు. ప్రభువులో చనిపోయినవాళ్లు లేచి ఆయనతో కలిసి ఏలతారు. ఆ చక్రంలో గొర్రెపిల్ల పక్కన సింహం పడుకుని ఉంటుంది. అయ్యగారు సింహాన్ని ఎన్నడూ చూడలేదు కాబట్టి అది వీధికుక్కకు జూలు పెట్టినట్టు ఉండేది.

"ఆ వెయ్యేండ్లల్లో ఆదోనికి దినామూ నీళ్లు వదులుతారా అయ్యా?" అని ఒక ముసలమ్మ అడిగేది. నిజంగానే అడిగేది, ఎగతాళికి కాదు.

"దినామూ వస్తాయి తాయీ. నువ్వు బిందె కూడా పట్టుకోబన్లేదు," అనేవాడు ఆయన.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన లెక్క కూడా చెప్పేవాడు. యుద్ధాలు, కరువులు, రాజ్యాలు లేవడం, రాజ్యాలు పడడం, అన్నీ పటం మీద మగ్గం కర్రతో చూపించి, మన తరం దాటదు అనేవాడు. "ఈ సాపల మీద కూసున్నోళ్లల్లో కొందరు సావు సూడకుండానే ఈ పసుపు సక్రంలోకి పోతారు," అనేవాడు. ఎవరు ఆ కొందరు అని ఎవరూ అడిగేవాళ్లు కారు. ఎవరికి వాళ్లు తామేననుకునేవాళ్లు.

మా సంఘంలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. అందుకని ఒక ఆచారం ఉండేది. ఆదివారం అయ్యగారు చెప్పిన ప్రసంగాన్ని ఒకరు నోటుబుక్కులో మాట పోకుండా రాసుకోవాలి. బుధవారం ఇండ్లల్లో జరిగే కూటాల్లో, ఆదివారం రాలేనివాళ్లకు దాన్ని చదివి వినిపించాలి. చదివాక చివర "ఇంతే" అని చెప్పాలి. అంటే చెప్పినదంతా వచ్చింది, ఏదీ విడిచిపెట్టలేదు అని సాక్ష్యం. అప్పుడు అందరూ ఆమేన్ అనేవాళ్లు. పదో తరగతి పాసై ప్రెస్సులో అచ్చు అక్షరాలు పేర్చే పనిలో చేరాక ఆ నోటుబుక్కు నా చేతికి వచ్చింది. ఎవరి మధ్యనైనా వాదం వస్తే "సామేలు బుక్కులో సూడండప్పా" అనేవాళ్లు. బుక్కులో ఉంటే ఆయన అన్నట్టు. లేకపోతే అననట్టు. ఇరవై ఏండ్ల వయసులో అంత నమ్మకం మోయడం నాకు గర్వంగా ఉండేది.

నాకు పందొమ్మిది నిండేసరికి అమ్మకు దగ్గు పట్టుకుంది. ముందు నుసి వల్ల అనుకున్నాం. తర్వాత ఆయాసం వచ్చింది, తర్వాత రొట్టె తట్టడానికి కూడా చేతులు లేవలేదు. ఆదోనిలో డాక్టరు చూసి, కర్నూలు పోయి ఆసుపత్రిలో కొన్ని నెలలు ఉండాలన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు. "అన్ని నెలలు ఆడ మంచం మీద పండుకుంటే, ఈలోపల ఆయనొస్తే?" అంది. ఆ ఆదివారం అయ్యగారు ప్రార్థన చేయడానికి మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఆయనను పటం పరవమంది. ఆయన పరిచాడు. మంచం పక్క గోడ చాలక సగం నేల మీదికి జారింది. అమ్మ ఆ పసుపు చక్రం వైపు చూస్తూ, "అయ్యా, నేను దీంట్లోకి నడిసి పోతానా, సచ్చి లేసి పోతానా?" అని అడిగింది.

ఆయన ఒక క్షణం కూడా ఆగలేదు. "నడిసే పోతావు తాయీ," అన్నాడు.

ఆ మాటతో కర్నూలు ప్రయాణం ఆగిపోయింది. శెనక్కాయలు పీకే కాలంలో అమ్మ చనిపోయింది. సమాధి దగ్గర అందరూ పాట పాడుతుంటే అయ్యగారు మాత్రం పాడలేదు. అందరూ వెళ్లిపోయాక కూడా ఆ మట్టి దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను ఇంటికి వచ్చి, నడిచి పోకపోయినా లేచి పోతుందిలే, ఎంత కాలం, మన తరం దాటదు గదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఒంటరిగా ఉన్న ఇంట్లో ఆ పసుపు చక్రం ఒక్కటే నాకు తోడు. రొట్టె చేయడం రాక బొరుగులు నానబెట్టుకుని తింటూ, అమ్మ ఆ చక్రంలో ఎక్కడ కూర్చుంటుందో ఊహించుకునేవాణ్ని.

అమ్మ పోయి ఏడాది దాటాక, ఒక ఆదివారం అయ్యగారు పటం లేకుండా వచ్చాడు. మేకులు గోడకు ఊరకే ఉన్నాయి. ప్రభువు శిష్యుల కాళ్లు కడగడం గురించి చెప్పి కూర్చున్నాడు. రెండో ఆదివారం కూడా అంతే, మూడో ఆదివారం కూడా. జనం గుసగుసలు మొదలుపెట్టారు. సంఘపెద్ద ప్రకాశంగారు, రైల్వేలో పనిచేసి రిటైరైనవాడు, క్రమం తప్పితే సహించని మనిషి, నన్ను పిలిచాడు. "సామేలూ, నువ్వు ఎమ్మిగనూరుకు పో. బుక్కు తీసుకొని పో. పటం ఏమైందో, వెయ్యేండ్ల మీద ఇప్పుడు ఆయప్ప బోధ ఏందో, ఏం సెప్తే అది రాసుకొని రా," అన్నాడు. పోతుంటే మెల్లగా ఇంకో మాట కలిపాడు. "ఆయనకూ వయసైపోతాంది. రేపు వాక్యం సెప్పేకి ఒగరు కావల్ల గదా. నీ గొంతు బాగుంటాది."

అయ్యగారి ఇల్లు రెండు అంకణాలు. ముందు భాగంలో నేలలో గుంట తీసి మగ్గం పెట్టుకున్నాడు. ఆయన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తున్నాడు. గంజి వాసన, తడి నూలు వాసన. భార్య ఎప్పుడో చనిపోయింది. కూతురు కరుణ, పదహారేండ్ల పిల్ల, గోడ పక్కన నూలు కండెలు చుడుతోంది. మగ్గానికీ వంట పొయ్యికీ నడుమ ఆ పటం వేలాడుతోంది, తలకిందులుగా. సింహం కాళ్లు పైకి లేచి ఉన్నాయి.

"అయ్యా, పటం తలకిందులైంది," అన్నాను.

"అట్లుంటేనే పొగ బాగా ఆపుతాంది లేప్పా. నూలు మసి కాకుండా ఉండాది," అన్నాడు. కరుణ ఫక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది మా అమ్మ ఉన్న చోటు.

వచ్చిన పని చెప్పాను. ఆయన పోగును అటూ ఇటూ నడిపే నాడెను పక్కన పెట్టి, "రాసుకుంటావా? రాసుకో. నిదానంగా సెప్తా," అన్నాడు. నేను రాసింది నాకు ఈ రోజుకీ మాట మాటా గుర్తుంది.

"వెయ్యేండ్ల లెక్క నాకు తెలీదు. తెలిసినట్టు ముప్పై ఏండ్లు సెప్పినా. అది తప్పు. పడుగుకు వెయ్యి పోగులంటే వెయ్యే ఉండాల, ఒగటి తగ్గినా గుడ్డలో తెలుస్తాది. దేవుని మాటనూ నేను అట్లనే ఎంచినా. కానీ వెయ్యి కొండల మీది పశువులు నావేనని కూడా దేవుడు అన్నాడు గదా. వెయ్యిన్నొకటో కొండ మీది గొర్రెలు ఎవరివప్పా? మన ఆదోని కొండ మీది మేకలు ఎవరివి? కొందరు పెద్దోళ్లు ఈ వెయ్యేండ్లు లెక్కపెట్టే ఏండ్లే అంటారు. కొందరు, ప్రభువు లేసినప్పటి నుంచి ఇప్పటిదాంకా నడుస్తాండే కాలానికే ఆ పేరు అంటారు. ఇద్దరూ మోకాళ్ల మీద సదివినోళ్లే. వాళ్లల్లో ఎవరిది నిజమో నాకు తెలీదు."

అక్కడికి పేజీలో సగం అయింది. ఆయన నీళ్లు తాగి మళ్లీ చెప్పాడు.

"ఆయన వస్తాడు. సచ్చినోళ్లను లేపుతాడు. దాంట్లో నాకు అనుమానం లేదు, ఆ నమ్మకం మీదనే బతుకుతాండా. ఎప్పుడు, ఎట్ల అనేదే తెలీదు. తెలీనిది తెలిసినట్టు సెప్పి సుగుణమ్మను ఆసుపత్రికి పోనీకుండా సేసినా. దేవుడు, సంఘం, ఆయమ్మ కొడుకు నన్ను మన్నించాల."

సుగుణమ్మ మా అమ్మ. ఆ పేరు దగ్గర నా చేయి ఆగింది. "రాయప్పా," అన్నాడు. రాశాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ పేజీని ఎన్నిసార్లు చదివానో. ఆ కోపం ఎలాంటిదో ఇన్నేండ్లకు విడదీసి చెప్పగలను. లెక్క తెలియదంటే మా అమ్మ ఉత్తపుణ్యానికి చనిపోయినట్టు. చక్రం అట్లా ఉండకపోవచ్చంటే నేను ఏడాదిగా ఆమెను కూర్చోబెట్టుకున్న చోటు లేనట్టు. ఒకే మాటతో ఆమెను రెండుసార్లు తీసుకుపోయాడనిపించింది. ఇది నిజమైన దుఃఖమే. కానీ దాని కింద ప్రకాశంగారు చెప్పిన "నీ గొంతు బాగుంటాది" కూడా ఉంది. దుఃఖం ఒక్కటే అయితే ఆయన ముఖం మీదే అరిచి ఉండేవాణ్ని. అరవకుండా బుక్కు మూసుకుని వచ్చానంటే రెండోది కూడా పనిచేస్తోందన్నమాట.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు కూర్చున్నారు. సంఘమంతా చాపల మీదే ఉంది. అయ్యగారు గోడ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రకాశంగారు నన్ను చదవమన్నాడు. లేచి చదివాను. వెయ్యేండ్ల లెక్క నాకు తెలీదు అన్నప్పుడే వెనక ఆడవాళ్లలో గొణుగుడు లేచింది. వెయ్యిన్నొకటో కొండ దగ్గర ఎవరో నవ్వారు, ప్రకాశంగారు చూడగానే ఆపేశారు. ఎవరిది నిజమో నాకు తెలీదు అనే మాట దాకా చదివి, బుక్కు మూశాను.

"ఈ మాటలు నువ్వు అన్న్యావా?" అని ప్రకాశంగారు అయ్యగారిని అడిగాడు.

"అన్న్యాను."

"ఇంగేమన్నా సెప్పుకుంటావా?"

అయ్యగారు నా వైపు చూశాడు. ఆ చూపులో భయం లేదు, కోపం లేదు. ఆయనకు నా మీద నమ్మకం. "సామేలునే అడగండి. ఇంగా ఉంటే ఆయప్పే సదువుతాడు," అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. బుధవారం కూటాల్లో కొన్ని వందలసార్లు చెప్పిన మాటే నోటికి వచ్చింది. "ఇంతే," అన్నాను.

అలవాటు కొద్దీ ఎవరో ఆమేన్ అన్నారు.

ఆయన మళ్లీ నోరు తెరవలేదు. రాకడనే కాదంటున్నాడని ఆ రోజే ఆయనను వాక్యం నుంచి, ఆరాధనలో ప్రభువు రొట్టె పంచుకునే బల్ల నుంచి తొలగించారు. లెక్కలు తప్పుగా చెప్పినంత కాలం చేతులు పట్టుకుని ముద్దులు పెట్టిన మనుషులే, తప్పు ఒప్పుకున్న రోజున ఆయన ఎదురొస్తే పక్కకు జరిగారు. ఆ సాయంత్రం నేను ఆ పేజీ కింది సగాన్ని చింపి పొయ్యిలో వేశాను. ఆ తర్వాత ఆయన నాలుగు ఆదివారాలు వచ్చి, చెప్పులు విడిచే చోట కూర్చుని వెళ్లాడు. రొట్టె పళ్లెం ఆయన తల మీదుగా అవతలికి పోయేది. ఐదో ఆదివారం రాలేదు. కొన్నేండ్లకు చనిపోయాడని రెండు వారాలు ఆలస్యంగా తెలిసింది. మా సంఘం నుంచి ఎవరూ పోలేదు. నేనూ పోలేదు.

ఆయన స్థానంలో నేను నిలబడ్డాను. కొత్త పటం గీయించాను, లెక్కలు చెప్పాను, జనం స్తోత్రం అన్నారు. పదేండ్లయ్యాక, ఒక చనిపోతున్న మనిషి మంచం పక్కన నాకు మా అమ్మ అడిగిన ప్రశ్నే ఎదురైనప్పుడు, నడిసే పోతావని చెప్పలేక, ఆ ఆదివారమే వాక్యం చెప్పడం మానేశాను. ఆరోగ్యం బాగాలేదన్నాను. అదీ అబద్ధమే. తర్వాత వెయ్యేండ్ల మీద దొరికినవన్నీ చదివాను. అయ్యగారు మగ్గం గుంటలో కూర్చుని చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు పటాలు ఫోన్లలోకి వచ్చాయి. ఏ యుద్ధం మొదలైనా ఆ సాయంత్రానికల్లా ఎవరో ఒకరు గట్టిగా అరుస్తూ లెక్క చెబుతాడు. మా సంఘం పిల్లలు నాకూ పంపిస్తారు. తెలీదు అని చెప్పిన బోధకుణ్ని నా జీవితంలో ఒక్కణ్నే చూశాను.

ప్రూఫులు చూసిన మూడో రోజు ఎమ్మిగనూరుకు పోయాను. నా భార్య పోయి రెండేండ్లయింది, కూతురు కోడుమూరులో కాపురం చేసుకుంటోంది. ఎక్కడికి పోతున్నావని అడిగేవాళ్లు ఇంట్లో లేరు. కరుణమ్మ ఆ ఇంట్లోనే ఉంది. మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు. ముందు గదిలో బొరుగుల ఉగ్గాని, బజ్జీ అమ్ముతుంది. నన్ను చూడగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టినట్టు కనిపించకూడదనుకుని ప్లేటు తుడుస్తూ, "ఏం కావల్ల?" అంది.

"నేను సామేలును."

"తెలుసు. ఏం కావల్ల?"

నిలబడే అంతా చెప్పాను. సంఘంలో ఏం చదివానో, ఏం చదవలేదో, ఆ కాగితం ఏం చేశానో. పొయ్యిలో వేసిన సగం పేజీని మాట పోకుండా అప్పజెప్పాను. ఆమె ప్లేటు తుడుస్తూనే వింది. అయ్యాక, "ఇంగొగటి ఉండాది. దాన్ని మర్సిపోయినావు," అంది.

"ఏంది?"

"నువ్వు బుక్కు మూసినంక మా నాయన నిన్ను ఒగ మాట అడిగినాడు. 'సుగుణమ్మ సంగతి నా నోటితో సెప్తే నన్ను నేను కాపాడుకునేకి సెప్పినట్టుంటాది, ఆయమ్మ కొడుకువు నువ్వే సదువు, సదివి నా పక్కన నిలబడు' అన్నాడు. నువ్వు సరే అయ్యా అన్న్యావు. నేను ఈ గోడకాన్నే కూసోని ఉంటి."

అవును, అన్నాను. ఆమె చెప్పగానే ఆ గది, ఆ గొంతు, నా గొంతు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు లేచి వచ్చాయి. దాన్ని నిజంగా మరిచిపోయానో, మరిచిపోతేనే బతకగలనని మరిచిపోయానో చెప్పలేను. ఆ రోజు ఆయన ఎందుకు మాట్లాడలేదో ఇన్నేండ్లూ నాకు అర్థం కాలేదు. పెద్దమనసు అనుకున్నాను. పెద్దమనసు కాదు. నేను ఇచ్చిన మాట.

కూర్చోమని ఆమె అనలేదు, నేనే బల్ల మీద కూలబడ్డాను. "ఆయన నన్ను మన్నించినాడా అక్కా?" అని అడిగాను. నాకంటే చిన్నదే. నోటికి అదే వచ్చింది.

"మన్నించినాడని సెప్తే నీకు బాగుంటాది," అంది. "నా నోటెంట అబద్ధం రాదు. రెండేండ్లు ఆదోని బస్సు వచ్చే యాళకు మగ్గం ఆపి వాకిట్లో నిలబడుకుంటాండె. సామేలు వస్తాడు, అట్ల ఎందుకు సేసినాడో సెప్తాడు అంటాండె. ఆ తర్వాత నిలబడలేదు. మోకరించి నీ పేరు ఎత్తుతాండె, నడుమలోనే లేస్తాండె. నా వల్ల కావడం లేదమ్మా అంటాండె."

కాసేపటికి ఉగ్గాని ప్లేటు నా ముందు పెట్టింది. మనిషి తన అంగట్లో ఆకలిగా కూర్చున్నవాడికి పెట్టినట్టే పెట్టింది, అంతకంటే ఏమీ లేదు. "ఆడ సెప్పు," అంది. "నాకు సెప్పితే ఏమొస్తాది. యాడ ఇంతే అన్న్యావో ఆడ సెప్పు. యా దినం సెప్తావో ఫోను సెయ్యి."

పోయిన ఆదివారం చెప్పాను. అప్పటి చాపల చోట కుర్చీలు, గోడ మీద పెద్ద తెర, కీబోర్డు. ఆ రోజు కూర్చున్నవాళ్లలో ఇప్పుడు ఉన్నవాణ్ని నేనొక్కడినే. ప్రకాశంగారు పోయి చాలా కాలమైంది. కరుణమ్మ మొదటి బస్సుకు వచ్చి చివరి వరసలో, తలుపు దగ్గర కూర్చుంది. కాగితం తీసుకుని అయ్యగారి మాటలు రెండు సగాలూ చదివాను. ఆయనకు ఇచ్చిన మాటా చెప్పాను, మా అమ్మ పేరూ చెప్పాను. ఎవరో పిల్లను బయటికి తీసుకుపోయారు. ఒకరిద్దరు ఫోనులో చూసుకుంటున్నారు. చదవడం అయిపోయాక ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. పాస్టరు మైకు అందుకుని, పెద్దవారి సాక్ష్యానికి వందనాలు అని చెప్పి, రాబోయే వారం కూటాల ప్రకటనలు మొదలుపెట్టాడు. కరుణమ్మ లేచి, కొంగు సర్దుకుని, నా వైపు ఒకసారి చూసి, బస్సు కోసం వెళ్లిపోయింది. ఆ చూపు ఏమిటో నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

ఆరాధన అయ్యాక నా పక్క కుర్చీలో ప్రతి ఆదివారం కూర్చునే పెద్దమనిషి, నా వయసువాడే, వేరే ఊరి నుంచి ఎప్పుడో బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయినవాడు, చెప్పులు వేసుకుంటూ అడిగాడు. "ఆ ఎనకాల కూసున్న్యామె ఎవరన్నా? కొత్తగా వచ్చినట్టుంది."

"ఆశీర్వాదం అయ్యగారి కూతురు," అన్నాను.

"ఆశీర్వాదం అయ్యగారంటే?"

ఆయన ఎగతాళి చేయలేదు. ఇంతసేపు నేను చదివింది ఆయన చెవిన పడలేదు, అంతే. జనం మమ్మల్ని దాటుకుని బయటికి పోతున్నారు. ఆయన చేయి పట్టుకుని ఖాళీ అయిన వరసలో కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చుని, మొదటి నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టాను.